తేలికపాటి వేట గుడారం

మోటారు బాట ఆగిపోయిన చోటి నుంచి కాలినడకన కొండల్లోకి వెళ్లి, కొన్ని రాత్రులు అక్కడే ఉండి వేటాడేవారు వీపున మోసుకుపోయే చిన్న గుడారాన్ని తేలికపాటి వేట గుడారం అంటారు. ఈ తరహా వేట ప్రధానంగా అమెరికా పశ్చిమ రాష్ట్రాలైన కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహోల్లోను, అలాస్కాలోను సాగుతుంది. ఒక్కరికి సరిపడే గుడారం కిలోకు అటూ ఇటూగా, ఇద్దరిది కిలోన్నర నుంచి రెండున్నర కిలోల దాకా తూగుతుంది. ‘తేలిక’ అనే మాటకు చట్టం గీసిన హద్దేమీ లేదు. ఒక తయారీదారు తేలిక అని అమ్మే గుడారం ఇంకొకరి జాబితాలో బరువైన వాటి వరుసలో ఉండవచ్చు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు మీద వేటాడే వీలు కూడా పోయింది. అందుచేత ఇవే గుడారాలు మన దేశంలో హిమాలయ పాదయాత్రలకే పనికివస్తాయి. ఈ వ్యాసం అమెరికాలో చట్టబద్ధంగా సాగే వేటకు, ముఖ్యంగా ఎల్క్ వేటకు, గుడారాన్ని ఎంచుకునే తీరును వివరిస్తుంది. (చూ. గుడారం; పర్వతారోహణ సామగ్రి)

నేపథ్యం: బండి వెళ్లని అడవి

ఇలాంటి వేట ఎక్కువగా సాగేది ‘విల్డర్‌నెస్’గా ప్రకటించిన ప్రభుత్వ భూముల్లో. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964 సెప్టెంబరు 3న సంతకం చేసిన విల్డర్‌నెస్ చట్టం ఈ అడవుల్లోకి మోటారు వాహనాలను రానివ్వదు. సైకిలుకు సైతం అనుమతి లేదు. కొలరాడోలోని వెమినూచె, మోంటానాలోని బాబ్ మార్షల్, ఐడహోలోని ఫ్రాంక్ చర్చ్ అడవులు ఈ కోవలోవే. లోపలికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారులు రెండు: గుర్రాల మీద, కంచరగాడిదల మీద సామాను వేసుకుని వెళ్లడం, లేదా అంతా వీపున మోయడం. గుర్రాలు ఉన్నవారికి గుడారం బరువు పెద్ద సమస్య కాదు. ఈ వ్యాసం రెండో దారిన వెళ్లేవారి గురించి.

పాదయాత్రికుడికీ వేటగాడికీ గుడారం బరువు లెక్క ఒకటి కాదు. పాదయాత్రికుడి మూట రోజురోజుకూ తేలికవుతుంది, తిన్నకొద్దీ తిండి తగ్గుతుంది కాబట్టి. వేట ఫలిస్తే వేటగాడి మూట ఒక్కరోజులో అనేక రెట్లు బరువెక్కుతుంది. ఎల్క్ మన కణుజుకు దగ్గరి చుట్టమైన పెద్ద జింక. ఎదిగిన మగది సుమారు 300 కిలోలుంటుంది. ఎముకలు తీసేశాక కూడా మాంసం 80 నుంచి 110 కిలోల దాకా ఉంటుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం పశ్చిమ రాష్ట్రాల చట్టాల ప్రకారం నేరం. అలాస్కాలో కొన్ని జంతువుల విషయంలో మాంసమంతా బయటికి చేరేదాకా కొమ్ములను తరలించకూడదనే నియమం కూడా ఉంది. మొత్తం మోయక తప్పదు.

ఒక లెక్క చూద్దాం. బాట నుంచి విడిది 8 కిలోమీటర్లు. మాంసం 80 కిలోలు. మనిషి ఒక్కడే, ఒక్కోసారి 32 కిలోలు మోయగలడు. మూడు మూటలకు 96 కిలోలు. అంటే గుడారం, పడక, బట్టలు, వంటసామాను, ఆయుధం అన్నీ కలిపి 16 కిలోల లోపు ఉంటే మూడు మూటల్లో పని పూర్తవుతుంది. మూడుసార్లు బయటికి, రెండుసార్లు వెనక్కి, వెరసి 40 కిలోమీటర్ల నడక. సామాను 20 కిలోలైతే నాలుగో మూట తప్పదు, నడక 56 కిలోమీటర్లవుతుంది. గుడారంలో తగ్గించిన కిలో ఒక్కటే ఈ తేడా తీసుకురాదు. మొత్తం సామానులో తగ్గిన నాలుగైదు కిలోలు తెస్తాయి. గుడారం, పడక, వీపుసంచి మూడూ సామానులో బరువైనవి కాబట్టి కోత అక్కడే మొదలవుతుంది. దుకాణంలో గుడారాన్ని చేత్తో ఎత్తి చూసి తేలిగ్గా ఉందని తృప్తిపడేవారు సాధారణంగా వెళ్లే దారినే ఊహించుకుంటారు. అసలు పరీక్ష వచ్చే దారిలో ఉంటుంది.

చరిత్ర

ఉత్తర అమెరికా మైదాన ప్రాంతపు ఆదివాసుల టీపీ వేట గుడారాలన్నిటిలోకీ ప్రసిద్ధమైనది. ‘టీపీ’ లకోటా భాషా పదం, నివాసం అని అర్థం. అడవిదున్న తోళ్లను కుట్టి, శంకువు ఆకారంలో నిలబెట్టిన కర్రల మీద కప్పేవారు. పైన పొగ పోవడానికి రెండు చెవుల్లాంటి మడతలుండేవి. గాలి దిశను బట్టి వాటిని జరుపుకునేవారు. దున్నల మందల వెంట కదలాలి కాబట్టి ఇల్లు కూడా కదిలేలా కట్టుకున్నారు. మొదట కుక్కలు, తరువాత గుర్రాలు ఈ కర్రలను, తోళ్లను ఈడ్చుకెళ్లేవి.

అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ 1856లో టీపీని పోలిన శంకువు గుడారానికి పేటెంటు పొందాడు. చుట్టూ కర్రలకు బదులు మధ్యలో ఒక్క నిట్రాట, దాని అడుగున ఇనుప ముక్కాలి పీట. అడ్డంగా సుమారు 5.5 మీటర్లుండి, పన్నెండు మంది పడుకునేలా ఉండే ఈ గుడారం అమెరికా అంతర్యుద్ధంలో విరివిగా వాడుకలోకి వచ్చింది. ఇప్పటి తేలికపాటి టీపీ గుడారానికి కొలతలోనూ బరువులోనూ దీంతో పోలిక లేదు గాని, ఒక్క నిట్రాట మీద బట్ట నిలబెట్టే పద్ధతి మాత్రం ఇదే.

పందొమ్మిదో శతాబ్దం చివర వేట గుడారం అంటే కాన్వాసు గుడారమే. గోడలు నిలువుగా లేచి, పైకప్పు ఇంటి చూరులా వాలి, లోపల రేకు పొయ్యి ఉండే ‘వాల్ టెంట్’ గుర్రాల విడుదుల్లో నేటికీ కనిపిస్తుంది. అదే కాలంలో హైదరాబాదు నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేట విడుదులను రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. పరివారంతో సాగే ఆ విడుదులకూ వీపున మోసే గుడారానికీ పోలికే లేదు. సామాను తగ్గించుకోవాలనే వాదాన్ని అమెరికాలో గట్టిగా వినిపించినవారిలో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ ముఖ్యుడు. ‘నెస్‌మక్’ అనే కలం పేరుతో రాసిన ఈయన 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకం వెలువరించాడు. ఆయన వాడిన పడవల్లో ఒకటి అయిదు కిలోలు కూడా తూగేది కాదు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ వింపర్ 1860ల్లో ఆల్ప్స్ పర్వతారోహణకు గుడారం రూపొందించాడు. ఆ తరువాత ఆల్బర్ట్ మమ్మెరీ పేరు మీద వచ్చిన చిన్న గుడారానికి మంచుగొడ్డళ్లే గుంజలు. చేతిలో ఉన్న పనిముట్టునే గుంజగా వాడుకోవడమనే ఈ ఉపాయం వందేళ్ల తరువాత నడక కర్రల రూపంలో తిరిగి వచ్చింది.

బరువు నిజంగా తగ్గింది నైలానుతో. డ్యుపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోదర్స్ బృందం 1935లో నైలాను తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లకు వాడిన ఈ గుడ్డ యుద్ధానంతరం గుడారాలకు మళ్లింది. 1971లో స్వీడన్‌లో మొదలైన హిల్లెబర్గ్ సంస్థ 1973లో ‘కెబ్’ అనే గుడారంతో లోపలి అరనూ, పైకప్పునూ ఒకేసారి నిలబెట్టే పద్ధతి తెచ్చింది. వానలో గుడారం వేస్తున్నప్పుడు లోపలి అర తడవకపోవడం దీని లాభం. 1975లో నార్త్ ఫేస్ సంస్థ తెచ్చిన ‘ఓవల్ ఇంటెన్షన్’ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోపురాల సూత్రం మీద కట్టినది. వంగే గుంజలు ఒకదాన్నొకటి దాటుతూ గుడారాన్ని బిగబట్టి ఉంచుతాయి.

1992లో రే జార్డిన్ పసిఫిక్ క్రెస్ట్ బాట నడిచేవారికోసం రాసిన పుస్తకం గుడారం బదులు బరకం లాంటి ‘టార్ప్’ చాలని వాదించింది. అదే ఏడాది అమెరికా కప్ తెరచాప పోటీలో గెలిచిన ‘అమెరికా క్యూబ్డ్’ పడవ తెరచాపల గుడ్డ ‘క్యూబెన్ ఫైబర్’ పేరుతో తరువాత గుడారాలకు పాకింది. దాన్ని తయారుచేసే క్యూబిక్ టెక్ సంస్థను 2015లో డీఎస్‌ఎం కొనుగోలు చేశాక ఆ గుడ్డ పేరు డైనీమా కాంపోజిట్ ఫ్యాబ్రిక్‌గా మారింది. వేటగాళ్ల కోసమే తేలికపాటి టీపీ, మడిచే పొయ్యి రెండూ కలిపి అమ్మడం కొలరాడోలో మొదలైన కిఫారు, సీక్ అవుట్‌సైడ్ వంటి చిన్న సంస్థలతో వ్యాపించింది.

రకాలు

టార్ప్ అన్నిటికన్నా తేలిక. మన పొలాల్లో ధాన్యం మీద కప్పే బరకం లాంటిదే, కాకపోతే 300 నుంచి 500 గ్రాములుంటుంది. రెండు నడక కర్రల మీద ఏటవాలుగా కడతారు. ఎదురుగాలికి, దోమలకు అడ్డు ఉండదు. ‘బివీ’ అనేది పడక చుట్టూ తొడిగే నీళ్లు చొరని సంచి. దానిలో మనిషి పడుకోగలడు, కూర్చోలేడు. విడిది మార్చుకుంటూ జంతువుల వెంట తిరిగేవారు, చూసిన కొండ మీదే రాత్రి ఆగాలనుకునేవారు ఈ రెండిటినీ వాడతారు. మూడురోజుల వాన పడితే ఎంత ఓపిక ఉన్నవారికైనా సంచిలో కాలం గడపడం కష్టం.

రెండు పొరల గోపురం గుడారం దుకాణాల్లో ఎక్కువగా దొరికేది. లోపల దోమతెరతో కుట్టిన అర, నేలగుడ్డ, పైన వానకప్పు. అల్యూమినియం గుంజలు దానంతట అదే నిలబడేలా చేస్తాయి కాబట్టి, మేకు దిగని రాతినేల మీద కూడా కొంత నిలుస్తుంది. ఇద్దరు పడుకునే గుడారం కిలోన్నర అటూ ఇటూ ఉంటుంది. ‘ఇద్దరు’ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. ఇద్దరి పరుపులు పక్కపక్కనే పట్టడమే దాని అర్థం. తడిసిన బూట్లు, వీపుసంచులు, తుపాకులు ఆ లెక్కలో ఉండవు. ఒంటరిగా వెళ్లే చాలామంది వేటగాళ్లు ఇద్దరి గుడారాన్నే కొంటారు.

ఒక పొర గుడారం నడక కర్రల మీద నిలిచేది. గుంజల బరువు పోయింది, రెండో పొర బరువూ పోయింది. అందుకే ముప్పావు కిలోలో కూడా దొరుకుతుంది. చెమ్మ మాత్రం నేరుగా మీద పడుతుంది (చూ. కింద, చెమ్మ). పైగా నడక కర్రలు పగలు కొండెక్కడానికి కావాలి. వాటిని గుడారం కింద నిలబెట్టి వెళ్తే చేతులు ఖాళీ, తీసుకెళ్తే గుడారం కూలుతుంది. తెల్లవారకముందే విడిది వదిలి చీకటిపడ్డాక తిరిగొచ్చే వేటగాడికి ఇది చిన్న విషయం కాదు. పాదయాత్రికుడు రోజూ గుడారం విప్పేస్తాడు కాబట్టి అతనికి ఈ చిక్కే లేదు.

పిరమిడ్, టీపీ గుడారాలు వేటగాళ్లకు ప్రత్యేకంగా ఇష్టమైనవి. నాలుగు లేదా ఎక్కువ మూలలు, మధ్యలో ఒక్క నిట్రాట, అడుగున నేలగుడ్డ ఉండదు. బురద బూట్లతో నేరుగా లోపలికి వచ్చి కూర్చోవచ్చు. ముగ్గురు నలుగురికి చోటు ఇచ్చే పెద్ద టీపీ కూడా నైలానులో రెండున్నర కిలోల దగ్గర తూగుతుంది. మనిషికి పంచి చూస్తే ఇదే చౌక బరువు. లోపల పొయ్యి పెట్టుకోవచ్చు. అడుగు అంచు నేలకు తాకించి రాళ్లు పెడితే గాలి ఆగుతుంది, కొద్దిగా ఎత్తితే ఆవిరి పోతుంది. ఎలుకలు, చీమలు, కరిగిన మంచునీళ్లు కూడా ఆ దారినే వస్తాయి.

సొరంగం ఆకారపు గుడారాలు అలాస్కాలో, స్కాండినేవియాలో ఎక్కువ. డాల్ గొర్రెల వేట అలాస్కాలో ఆగస్టు 10న మొదలవుతుంది. ఆ కొండల మీద చెట్లుండవు. కాల్చడానికి కట్టెలు ఉండవు, గాలిని ఆపే అడ్డూ ఉండదు. కొలరాడోలో మెచ్చుకున్న టీపీ, పొయ్యి జోడీ అక్కడ వట్టి బరువే. ఎత్తు తక్కువగా ఉండి, గాలికి వీపు చూపే గుడారమే అక్కడ నిలుస్తుంది.

గుడ్డలు, గుంజలు

గుడ్డ నూలు లావును డెనియరులో చెబుతారు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. తేలికపాటి గుడారాల్లో 10 నుంచి 30 డెనియరు గుడ్డ వాడతారు. చిరుగు పాకకుండా మధ్యమధ్య లావు నూలు గళ్లుగా నేసిన దాన్ని రిప్‌స్టాప్ అంటారు. చేత్తో తడిమితే ఆ గళ్లు వేలికి తగులుతాయి.

సిలికాన్ పూసిన నైలానును ‘సిల్‌నైలాన్’ అంటారు. చింపడానికి కష్టం, ధర మధ్యస్థం. లోపం ఒకటుంది: నైలాను నీటిని కొంత పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన గుడారం అర్ధరాత్రి వానకు వదులై, తడిగోడ మొహానికి తగులుతుంది. లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. సిలికాన్ పూసిన పాలియెస్టర్ ఇంతగా సాగదు, ఎండకు తట్టుకుంటుంది, అదే బరువుకు నైలానంత గట్టిది కాదు. డైనీమా గుడ్డ నీరు పీల్చదు, సాగదు, చాలా తేలిక. ధర సాధారణంగా సిల్‌నైలాను కన్నా రెట్టింపు పైన ఉంటుంది. మడిస్తే లావుగా ఉంటుంది. డైనీమా నూలు సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. నైలాను, పాలియెస్టర్ రెండూ 200 డిగ్రీలు దాటాకే కరుగుతాయి. కాబట్టి పొయ్యి పెట్టుకునేవారికి డైనీమా తగదు.

నీళ్లు చొరకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో నీటిస్తంభం ఎత్తుతో, మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1,500 మిల్లీమీటర్లంటే అంత ఎత్తు నీరు మీద నిలిచేదాకా గుడ్డ ఉరవదన్నమాట. పైకప్పుకు ఈ మాత్రం చాలు. మోకాలు, మోచేయి ఆని నొక్కే నేలగుడ్డకు ఇంకా ఎక్కువ కావాలి. కుట్టు రంధ్రాల గుండా నీరు కారకుండా లోపల టేపు అంటించడమో, సిలికాన్ పూయడమో చేస్తారు. సిల్‌నైలాను మీద మామూలు టేపు అంటదు. అందుచేత కొన్ని గుడారాలను కొన్నవారే కుట్లకు పూత పూసుకోవాలి. పూసిన మందు ఆరడానికి సమయం పడుతుంది కాబట్టి, ప్రయాణం ముందురోజు ఈ పని పెట్టుకోకూడదు.

గుంజలు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమలోహంవే. దక్షిణ కొరియాకు చెందిన డీఏసీ గుంజలు పెద్ద సంస్థల గుడారాల్లో సాధారణంగా కనిపిస్తాయి. కార్బన్ గుంజలు తేలిక, కాని అల్యూమినియంలా వంగకుండా విరుగుతాయి. వంగినదాన్ని కొండ మీద సరిచేయవచ్చు.

చెమ్మ

కొత్తవారు గుడారం కారుతోందని వాపసు ఇచ్చే చాలా సందర్భాల్లో కారింది వాన కాదు, వారి ఊపిరే. నిద్రలో మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రికి సుమారు పావు లీటరు నుంచి అర లీటరు దాకా నీటి ఆవిరి బయటపడుతుంది. గోడ చల్లగా ఉంటే ఆ ఆవిరి బొట్లుగా మారుతుంది. గడ్డకట్టే చలిలో లోపలి వైపు తెల్లటి మంచుపొడి పేరుకుంటుంది. తెల్లవారుజామున ఎవరి మోచెయ్యో గోడకు తగలగానే ఆ పొడి పడక మీద, మెడ మీద రాలుతుంది. పక్షి ఈకల పడక తడిస్తే వెచ్చదనం పోతుంది. ఆరు రాత్రులు ఒకే చోట ఉండే వేటగాడికి మొదటిరాత్రి చెమ్మ కన్నా నాలుగో రాత్రికి పేరుకున్న చెమ్మ ప్రమాదం.

రెండు పొరల గుడారంలో బొట్లు పై పొరకు పడతాయి, లోపలి అర వాటిని మనిషికి తగలనివ్వదు. ఒక పొర గుడారంలో గాలి ఆడే కిటికీలే దిక్కు. చలిగా ఉందని వాటిని మూసేవారు ఉదయానికి ఎక్కువ తడుస్తారు. చోటు ఎంపిక గుడారం రకమంత ముఖ్యం. బట్టబయలు మైదానంలో గుడారం గుడ్డ రాత్రి ఆకాశానికి వేడి కోల్పోయి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చెట్ల కింద అంత చల్లబడదు. చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రుళ్లు లోయ అడుగుకు జారి చేరుతుంది. వాగు పక్కన విడిది అందంగా ఉంటుంది, తడిగా కూడా ఉంటుంది. వాలు మీద కొంత పైకి, చెట్ల చాటున వేసిన గుడారం ఎక్కువ పొడిగా ఉంటుంది.

పొయ్యి ఉన్న గుడారం

చెమ్మకు నిప్పు కన్నా మంచి మందు లేదు. టైటానియం రేకులతో చేసిన మడత పొయ్యి పొగగొట్టంతో కలిపి కిలో, కిలోన్నర ఉంటుంది. టైటానియం సాంద్రత ఉక్కులో సుమారు అరవై శాతమే, వేడికి తట్టుకుంటుంది. పొగగొట్టం నిజానికి చుట్టిన పలచని రేకు. చాపలా విప్పి, పొడవు దిశలో గొట్టంగా చుట్టి, వలయాలు తొడుగుతారు. మొదటిసారి అది చేతుల్లోంచి తప్పించుకుని తిరిగి చాపలా చుట్టుకుపోతుంది. అంచులు చేతులు కోస్తాయి కాబట్టి తొడుగులు వేసుకోవాలి. ఒకసారి కాలాక రేకు గొట్టం ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి నుంచి సులువు. ఈ మొదటి కాల్పు ఇంటి పెరట్లోనే కానివ్వాలి.

గొట్టం గుడ్డలోంచి బయటికి వెళ్లే చోట సిలికాన్ పూసిన గాజునార పట్టీ కుడతారు. వేలెడు లావు పుల్లలు, చితుకులు వేస్తే నిమిషాల్లో లోపల వెచ్చబడుతుంది. పుల్లలు వేయడం మానితే గంటలోపే చల్లారుతుంది. రాత్రంతా వెచ్చగా పడుకోవచ్చనుకుని కొనేవారికి నిరాశ తప్పదు. సాయంత్రం మేజోళ్లు ఆరబెట్టుకోవడం, పొద్దున్నే బట్టలు వేసుకునే పావుగంట చలి కాయడం దీని అసలు ప్రయోజనం. అక్టోబరు, నవంబరు తుపాకీ వేటలో ఇది విలువైనది. సెప్టెంబరు విల్లు వేటలో దాని బరువు అంతగా గిట్టుబాటు కాదు. అడవులు ఎండిపోయిన ఏడాదుల్లో అటవీ శాఖ నిప్పు మీద ఆంక్షలు పెట్టి కట్టెల పొయ్యిలను కూడా ఆపవచ్చు.

ప్రమాదాలు రెండు: నిప్పురవ్వలు, కార్బన్ మోనాక్సైడ్. రవ్వలు పైకప్పుకు సూదిబెజ్జాలు పెడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. మంచుతో అంచులు మూసుకుపోయిన గుడారంలో గ్యాసు పొయ్యి కూడా దాన్ని వదలగలదు. గాలి వచ్చే దారి కిందా పైనా తెరిచి ఉంచాలి. ఇక గుడ్డకు నిప్పంటుకునే విషయానికొస్తే, 1944 జూలై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో పారఫిన్ మైనం పూసిన సర్కసు డేరా తగలబడి 160 మందికి పైగా మరణించారు. తరువాతి కాలంలో విడిది గుడారాలకు సీపీఏఐ-84 అనే నిప్పు నిరోధక ప్రమాణం వచ్చింది. ఆ ముద్ర ఉన్నా గుడ్డ అంటుకోదని కాదు, మంట నెమ్మదిగా పాకుతుందని మాత్రమే.

గాలి, మంచు, ఎలుగుబంట్లు

గాలి తోపు దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి 80కి చేరితే గుడారం మీద తోపు నాలుగింతలవుతుంది. గుడ్డ చిరగడం అరుదు, ముందు ఊడేది మేకు. ఏడెనిమిది గ్రాముల సన్న మేకులు గట్టినేలకు సరే, ఇసుకలోనూ మంచులోనూ పట్టు ఇవ్వవు. అక్కడ సంచిలో మంచు నింపి పాతిపెట్టి తాడు కడతారు, లేదా బండరాయికి కడతారు. మేకుల్లో కొన్ని గ్రాములు మిగుల్చుకోవడం ఈ విషయం తెలిసినవారు చేయరు.

తడిమంచు గోపురం నెత్తిన పేరుకుంటే గుంజలు వంగుతాయి. ఏటవాలు ఎక్కువున్న పిరమిడ్ మీద మంచు జారుతుంది, కాని కింద అంచుల దగ్గర కుప్పపడి గోడలను లోపలికి నెడుతుంది. ఏ గుడారమైనా రాత్రి లేచి దులపాలి. తయారీదారులు ‘మూడు రుతువుల’, ‘నాలుగు రుతువుల’ అని చెప్పే విభజన మంచు బరువును, గాలిని తట్టుకోవడాన్ని బట్టి చేసినది, వెచ్చదనాన్ని బట్టి కాదు.

గుడారం ఏ ఎలుగునూ ఆపదు. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే మోంటానా, వయోమింగ్ ప్రాంతాల్లో తిండిని, మాంసాన్ని నేల నుంచి సుమారు 3 మీటర్ల ఎత్తున, చెట్టు మొదలు నుంచి 1.2 మీటర్ల దూరంలో వేలాడదీయాలనే నియమాలున్నాయి. వాటి వాసన పడక దగ్గరికి రానివ్వకుండా, విడిదికి దూరంగా ఈ పని చేస్తారు. చెట్లులేని అలాస్కాలో కొందరు బ్యాటరీతో నడిచే తేలికపాటి విద్యుత్తు కంచె వెంట తీసుకెళ్తారు.

రంగు విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. మట్టిరంగు, ఆకుపచ్చ గుడారాలు జంతువులకు, ఇతర వేటగాళ్లకు విడిది ఎక్కడుందో తెలియనివ్వవని కొందరి వాదన. నారింజ రంగు గుడారం చీకట్లో, మంచులో, ఆపదలో కనబడుతుందని మరికొందరిది. కొలరాడో చట్టం తుపాకీతో పెద్ద జంతువులను వేటాడేవారు 500 చదరపు అంగుళాల మెరుపు నారింజ లేదా గులాబీ రంగు ధరించాలంటుంది. గుడారం గురించి ఏమీ చెప్పదు. రెండు వాదాలకూ మధ్యగా మట్టిరంగు గుడారం తాళ్లకు మెరిసే దారం కడతారు. చీకటిపడ్డాక నుదుటి దీపం వెలుగుకు అది దూరం నుంచే కనబడుతుంది.

కొనేటప్పుడు చూసేవి

బరువు చీటీ మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి. ఒకటి ‘ట్రెయిల్ బరువు’: గుడారం, పైకప్పు, గుంజలు మాత్రమే. రెండోది ‘ప్యాక్డ్ బరువు’: మేకులు, తాళ్లు, సంచులతో సహా. మోసేది రెండోదానికి దగ్గరగా ఉంటుంది. నేలగుడ్డ లేని గుడారానికి కింద పరిచే పట్టా, దోమతెర విడిగా కొంటే వాటి బరువు కలపాలి. పొయ్యి గుడారానికి పొయ్యి, గొట్టం, రంపం కూడా కలపాలి. ఇవన్నీ కలిపాక తేలిక అనుకున్నది మూడు కిలోలు దాటడం మామూలే.

పొడవు కొలత మడమ నుంచి తల దాకా కాదు, పడక ఉబ్బును కూడా లెక్కించి చూడాలి. ఏటవాలు గోడల గుడారంలో చివరి రెండు జానలు వాడుకకు రావు. ఆరడుగుల మనిషి పాదాల దగ్గర పడక తడవడం ఇందువల్లే. ఎంపికలో చాలావరకు తేల్చేవి మూడు ప్రశ్నలు: ఏ నెల, చెట్లు ఉన్నాయా, విడిది ఒకే చోటా లేక రోజూ మారుతుందా. సెప్టెంబరులో రోజూ కదిలేవారికి టార్పో, ఒక పొర గుడారమో సరిపోతుంది. నవంబరులో ఒకే చోట వారం ఉండే ఇద్దరు ముగ్గురికి పొయ్యితో టీపీ. చెట్లు లేని చోట గట్టి గుంజలున్న రెండు పొరల గుడారం తప్ప మరొకటి ఆలోచించనక్కరలేదు. ఒక్క గుడారంతోనే అన్ని కాలాలూ గడపాలనుకునేవారు రెండు పొరల గోపురం కొని, కొంత బరువు ఎక్కువైనా సర్దుకుంటారు.

నిర్వహణ

వేట ముగిశాక మాంసం పనిలో పడి గుడారాన్ని తడిగానే మూటగట్టి కొట్టంలో పడేయడం సాధారణంగా జరిగే పొరపాటు. తడిమూటలో బూజు పడుతుంది. గుడ్డకు పాలియురెథేన్ పూత ఉంటే అది తేమకు విడిపోయి జిగురుగా మారి, పులిసిన వాసన వేస్తుంది. ఆ దశకు చేరిన పూత మళ్లీ బాగుపడదు. ఇంటికి చేరిన రోజే గుడారాన్ని విప్పి, బురద తడిగుడ్డతో తుడిచి, జిప్పులోని ఇసుక దులిపి, ఎండ నేరుగా పడని చోట పూర్తిగా ఆరేదాకా వేలాడదీయాలి. తరువాత దాని చిన్న సంచిలో కుక్కకుండా, వదులైన నూలు సంచిలో ఉంచాలి.